జేబులో రెండో ముక్క

ఆ రోజు పొద్దున్న నిదానం వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, అందరికన్నా ముందు ల్యాబ్‌కి వెళ్లి అద్దాల మీద దుమ్ము తుడవాలి, మధ్యాహ్నంలోగా వచ్చే పెద్దాయనకి అంకె చూపించాలి, ఆయన ముఖం మాడిపోతే కళ్లారా చూడాలి, ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకోవాలి. ఇందులో తప్పు జరగడానికి ఎక్కడా సందు లేదు. కాకపోతే అప్పటికే అతని భార్య వాషింగ్ మెషీన్ దగ్గర నిలబడి నిన్నటి చొక్కా జేబులు తడుముతోంది.

నిదానం అన్నది అతని పేరు కాదు. ఆఫీసు హాజరులో వేరే పేరేదో ఉంది గాని దాన్ని పిలిచేవాళ్లు లేరు. స్ఫటికాలు పెంచడం అతని ఉద్యోగం. ఒక రసాయనాన్ని ఆల్కహాల్‌లో కరిగించి, గాజు పాత్రలో పోసి, రోజుకి రవ్వంత చొప్పున చల్లారుస్తూ వారాల తరబడి కాచుకుని కూర్చుంటే అడుగున గోరంత ఎర్రటి బిళ్ల తయారవుతుంది. తొందరపడితే పగుళ్లిచ్చి కూర్చుంటుంది. అలా కాచుకుని కాచుకుని అతని మాట, నడక, చివరికి నవ్వు కూడా నెమ్మదించాయి. ఎవరైనా జోకు వేస్తే నిదానం నవ్వేసరికి వేసినవాడు ఇల్లు చేరుకునేవాడు.

ఆ ఎర్ర బిళ్ల మీద లేజరు కాంతి లిప్తలో కోటో వంతు సేపు పడితే, అవతలివైపు నుంచి టెరాహెర్ట్జ్ తరంగం ఒకటి తన్నుకొస్తుంది. కంటికి కనబడదు. కాగితాన్నీ బట్టనీ ప్లాస్టిక్‌నీ లెక్కచేయకుండా దూసుకుపోతుంది. గాజు ముక్కో తడి చెయ్యో అడ్డొస్తే మాత్రం అక్కడే చతికిలబడుతుంది. దాన్ని ఎంత బలంగా పుట్టిస్తే అంత గొప్ప. ప్రపంచంలో అందరికన్నా బలంగా పుట్టించినవాడని పేరు తెచ్చుకున్న మనిషి ఆ పెద్దాయన. నిన్న సాయంత్రం ఆయన అంకెని నిదానం దాటేశాడు.

"ఏవండీ, ఈ నల్ల ప్లాస్టిక్ ముక్కేంటి? చెత్తలో వేసెయ్యనా?" అంది భార్య.

నిదానం నోట్లో బ్రష్షు ఆగిపోయింది. ఆమె వేళ్ల మధ్య అరచేతి సగమంత నల్లటి ముక్క వేలాడుతోంది. అతని జీవితంలో ఏదైనా చటుక్కున అర్థమైందంటే అది అదే మొదలు.

సంగతేమిటంటే, ఎర్ర బిళ్ల అవతల తరంగం ఒక్కటే రాదు. మిగిలిపోయిన లేజరు కాంతి కూడా వెంట వస్తుంది. కొలిచే యంత్రానికి ఇద్దరిలో ఎవరు ఎవరో తెలియదు, ఎవరొచ్చి వెచ్చబెట్టినా అంకె చూపిస్తుంది. అందుకని దారిలో నల్ల ప్లాస్టిక్ ముక్క అడ్డం పెడతారు. లేజరు ఆగిపోతుంది, తరంగం దాటిపోతుంది. వీళ్ల ల్యాబ్‌లో అలాంటివి రెండు ముక్కలు పెడతారు. నిన్న లేజరు దారి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి నిదానం ఒక ముక్క బయటికి తీశాడు. బల్ల మీద పెడితే దుమ్ము పడుతుందని జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత బిళ్లని కాస్త ఇటు తిప్పగానే అంకె ఎగిరి కూర్చుంది, దాంతోపాటు ఇతనూ ఎగిరి కూర్చున్నాడు, జేబు సంగతి గంగలో కలిసింది. పసిబిడ్డని తల్లి ఒళ్లోంచి దించకుండా తూకం వేసి, బిడ్డ అరవై కిలోలుందని చాటినట్టయింది.

చాటడంలో మాత్రం అతను నిదానించలేదు. నిన్న రాత్రికి రాత్రే ల్యాబ్ నడిపే మేడమ్‌కి ఫోన్ చేశాడు. మేడమ్ డైరెక్టరుకి చేసింది. డైరెక్టరు పెద్దాయనకే చేశాడు. భోజనాల దగ్గర మామగారికి కూడా చెప్పడం అయిపోయింది.

"అది అక్కడ ఉండాల్సిన వస్తువు" అన్నాడు నిదానం నురగ మింగేసి. "నిన్న అది లేకుండానే కొలిచేశాను."

"అది లేకుండానే అంతొచ్చిందా? అయితే ఇంకా గొప్పే కదండీ."

"గొప్ప కాదు. తప్పు."

"మీకెప్పుడూ ఇంతే. జ్వరం తగ్గినా థర్మామీటరు పాడైందంటారు" అని ఆమె ముక్కని అతని చేతిలో పెట్టి మెషీన్ మూత వేసింది. ఆమెకి కళ్లజోళ్ల కొట్టు ఉంది. రోజంతా తమ కళ్లు బాగానే ఉన్నాయని వాదించే మనుషులతో వేగేది కాబట్టి, తన పని బాగాలేదని వాదించే మొగుడంటే ఆమెకి ముద్దే.

అదే పేచీ అయింది, ఇదీ అలాంటి వాదనే అనుకుంది. ఇంతలో గదిలోంచి మామగారు వచ్చాడు. లెక్కల మాస్టారుగా పని చేసి రిటైరైన మనిషి. పెళ్లయిన కొత్తలో ఒకసారి "ఆఫీసులో ఏం చేస్తుంటారు?" అని అడిగితే, అల్లుడు నిజాయితీగా "చల్లారుస్తుంటానండీ" అన్నాడు. అప్పటినుంచి ఆయన అల్లుడితో నేరుగా మాట్లాడటం మానేశాడు. ఎదురుగా కూర్చుని కూడా "అమ్మాయీ, మీ ఆయన కాఫీ తాగుతాడేమో అడుగు" అనేవాడు. అలాంటిది ఈ రోజు రెండు చేతులా ఒక కోటు పట్టుకుని అల్లుడి ముందుకే వచ్చాడు.

"అల్లుడుగారూ, ఇది నా రిటైర్‌మెంటు రోజున వేసుకున్న కోటు. ఇవాళ మీరు వేసుకోవాలి."

నిదానం ఇన్నేళ్లుగా ఈ ఒక్క పిలుపు కోసం ఎదురుచూశాడు. వచ్చింది, చూడండి, ఎలాంటి పొద్దున్న వచ్చిందో.

"మామగారూ, అంకెలో కొంచెం తేడా ఉండొచ్చండీ."

"తేడా ఉండొచ్చని అనుమానించేవాడే లెక్క తెలిసినవాడు. బడిలో జీవితమంతా నేను చెప్పిందదే, ఒక్కడూ వినలేదు. పార్కులో నా తోటివాళ్లకి కూడా చెప్పొచ్చాను, మా అల్లుడు ప్రపంచంలో ఫస్టని. పదండి, నేనూ వస్తాను."

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. కూతురికి కొట్టుంది కదాని తేలికపాటి ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకోడు. అవి బొమ్మలకి పెట్టుకోవాలంటాడు. అచ్చమైన గాజు అద్దాలు, ముక్కు మీద గుంటలు పడే బరువు. నిదానం కోటు తొడుక్కుని నల్ల ముక్కని దాని జేబులో దాచుకున్నాడు. ముందుగా వెళ్లి, ఎవరూ చూడకుండా ముక్కని దాని చోట పెట్టేసి, అసలు అంకె ఎంతో చూసుకుని, మేడమ్‌కి మెల్లిగా చెప్పేద్దామన్నది అతని రెండో పథకం.

ఆఫీసు గేటు మీద దీపాల బోర్డులో ఎర్రటి అక్షరాలు పరిగెడుతున్నాయి. ప్రపంచ రికార్డు సాధించిన మన శాస్త్రవేత్తకి అభినందనలు అట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మామగారు అక్కడ ఆగి, అక్షరాలు ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చేదాకా నిలబడి చదివాడు. నిదానం తేలుకుట్టిన దొంగలా పక్క చూపులు చూస్తూ నిలబడ్డాడు.

ల్యాబ్ తలుపు దగ్గర మేడమ్ కాపలా ఉంది. ఈవిడని వెనకాల అందరూ రెండుతాళాలు అంటారు. ఏ తలుపుకైనా రెండు తాళాలు వేస్తుంది, వేశాక వెనక్కి వచ్చి ఇంకోసారి లాగి చూస్తుంది. నల్ల ముక్కలు రెండు పెట్టాలన్నది కూడా ఈవిడ చాదస్తమే. లోకమంతా ఒకటే పెడుతుంది కదా మేడమ్ అని నవ్వినవాళ్లలో నిదానమూ ఉన్నాడు. ఈ రోజు ఆమె పరికరాల పెట్టె మూత చుట్టూ టేపు అంటించింది. దాని మీద ఇంకో వరస టేపు అంటించింది.

ఆమెని తప్పుపట్టడానికి లేదు. ఈ పనిలో ఒక నీతి ఉంది. పని చేస్తున్నదాన్ని ముట్టుకోకూడదు. తలుపు గట్టిగా వేస్తే అద్దం వెంట్రుకవాసి కదులుతుంది, అంకె చచ్చి ఊరుకుంటుంది. పైగా పెద్దాయన వస్తున్నది టీ తాగడానికి కాదు. ఈ లేజరు మేడమ్ దగ్గరే ఉంచాలా, లేక ఇనప రేకులకి కన్నాలు పొడిచే విభాగానికి ఇచ్చేయాలా అన్నది పైవాళ్ల తరఫున తేల్చడానికి. లేజరు పోతే మేడమ్ ఇన్నేళ్ల కష్టమూ పోయినట్టే. నిదానం ఎర్ర బిళ్లలు గోళీలాడుకోవడానికి కూడా పనికిరావు.

"మేడమ్, ఒక్క నిమిషం పెట్టె తెరవాలండీ" అన్నాడు నిదానం.

"నిన్న ఎలా వదిలావో అలాగే ఉండాలి. ఎవరూ ముట్టుకోవద్దు. నువ్వు కూడా."

"అది కాదు మేడమ్. ఆ అంకె నిజంగా అంత ఉండకపోవచ్చని..."

"నాకూ అదే అనుమానం వచ్చి రాత్రి రెండుసార్లు లెక్కేశాను. సరిపోయింది" అని మేడమ్ అతని భుజం మీద చెయ్యి వేసింది. "మనకి ఓడిపోవడం అలవాటైపోయింది నిదానం. అందుకే గెలిచినా భయంగా ఉంటుంది. నాకూ అలాగే ఉంది."

అంటూ ఆమె నవ్వింది. ఆమె నవ్వగా అతను ఎప్పుడూ చూడలేదు. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చి ఆ నవ్వు చూసి వెనక్కి పోయింది. ఇంతమంది మంచివాళ్ల మధ్య తానొక్కడే అబద్ధమై నిలబడ్డాడని అతనికి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. పక్కనుంచి మామగారు అందుకుని, "మా అల్లుడు మొదట్నుంచీ ఇంతేనండీ, గొప్ప చెప్పుకోడు" అన్నాడు. మొదట్నుంచీ అల్లుడితో మాట్లాడని మనిషి ఆయన.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ల కథ విన్నాం గాని, జేబులో తప్పు పెట్టుకుని దాన్ని ఎవరికి ఇవ్వాలో తెలియక తిరిగినవాణ్ణి ఆ ల్యాబే చూసింది. కారిడార్‌లో డైరెక్టరు కనబడితే ధైర్యం తెచ్చుకుని "సార్, నావల్ల ఒక పొరపాటు..." అన్నాడు. డైరెక్టరు అతని కోటు చూసి, "పొరపాటేం లేదు, బాగుంది. ఫోటోలో గుండీలు పెట్టుకోండి చాలు" అని వెళ్లిపోయాడు.

అంతలో పెద్దాయన రానే వచ్చాడు. పొడుగాటి మనిషి, ముక్తసరి మాట. "అంకె విన్నాను. చూపించండి" అన్నాడు. అందరూ లేజరు నుంచి కళ్లని కాపాడే అద్దాలు పెట్టుకున్నారు. మామగారికి గాజు కళ్లజోడు మీద అవి నిలవక, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. మేడమ్ మీట నొక్కింది. తెర మీద అంకె నిన్నటిలాగే నిగనిగలాడుతూ వచ్చి నిలబడింది.

పెద్దాయన చాలాసేపు దానికేసి చూశాడు. ముఖం మాడలేదు. అదే నిదానాన్ని ఇంకా కుంగదీసింది. ఆయన ముందుకొచ్చి చెయ్యి చాచాడు.

"ఈ రికార్డు నా దగ్గర చాలాకాలం ఉంది. సరైనవాడి చేతికి వెళ్తోంది. సంతోషం. లేజరు గురించి ఇక మాట్లాడుకోవాల్సింది లేదు."

డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. మేడమ్ కళ్లు తుడుచుకుంది. మామగారు అల్లుడి మోచెయ్యి పట్టుకుని, "అల్లుడుగారూ, ఇన్నాళ్లూ మీతో సరిగ్గా మాట్లాడలేదు. నన్ను క్షమించండి. మీ విలువ నాకు తెలియలేదు" అన్నాడు.

అదిగో, అక్కడ తెగింది. పెద్దాయన చెయ్యి గాల్లోనే ఉంది. నిదానం దాన్ని అందుకోలేదు.

"మామగారూ, మీ కళ్లజోడు ఒకసారి ఇవ్వండి."

కళ్లజోడు తీసుకుని అతను పెట్టె దగ్గరికి నడిచాడు. పై టేపు చింపాడు, కింది టేపు చింపాడు. మేడమ్ "ఏయ్" అనేలోగా మూత తీసి, గాజు కళ్లజోడుని కొలిచే యంత్రం ముందు అడ్డంగా పట్టుకున్నాడు. అంకె కొంత తగ్గి, అక్కడే నిలబడింది.

"చూశారా, నా కళ్లజోడు అడ్డం పెట్టినా ఆగలేదు. అదీ మావాడి బలం" అన్నాడు మామగారు గర్వంగా.

టెరాహెర్ట్జ్ తరంగం గాజు దాటదని మిగతావాళ్లందరికీ తెలుసు. దాటి వచ్చేది ఒక్క లేజరే. నిదానం కోటు జేబులోంచి నల్ల ముక్క తీసి, దాని చోట దాన్ని దోపి, కళ్లజోడు పక్కకి తీశాడు. అంకె జారి జారి, పెద్దాయన పాత రికార్డులో మూడో వంతు దగ్గర ఆగింది.

"నిన్న ఈ ముక్క నా చొక్కా జేబులో ఉందండీ" అన్నాడు తల దించుకుని. "పొద్దున్న మా ఆవిడ బట్టలు ఉతకబోతూ తీసింది. అప్పట్నుంచి చెప్పాలని చూస్తున్నాను. ఎవరూ వినలేదని చెప్పను, నేనే గట్టిగా చెప్పలేదు. సిగ్గేసింది."

చింపిన టేపుని వేలికి చుట్టుకుంటూ మేడమ్ నిలబడింది. తిట్టినా బాగుండేది. మామగారు కాసేపు అల్లుడివైపు చూసి, మేడమ్ వైపు తిరిగి, "మీవాడు ఏమంటున్నాడో కాస్త అడగండి" అన్నాడు. నిదానానికి తల తీసేసినట్టయింది. కోటు విప్పి ఇచ్చేద్దామా అనుకుని గుండీ మీద చెయ్యి వేశాడు.

పెద్దాయన ఒక్కడే ఇంకా పెట్టె మీదకి వంగి ఉన్నాడు.

"ఇవి రెండు ముక్కలెందుకు?"

అందరూ మేడమ్ వైపు చూశారు. ఆమె తగ్గు గొంతుతో, "ఒకటి చాలదేమోనని అనుమానమండీ. నాకదో చాదస్తం. అందరూ నవ్వుతారు" అంది.

పెద్దాయన నవ్వలేదు. "మేం ఒకటే పెడతాం" అన్నాడు. అన్నాక, తన మాట తనకే ఆలస్యంగా వినబడ్డట్టు కదలకుండా ఉండిపోయాడు. తర్వాత ఫోన్ తీసి తన ల్యాబ్‌కి చేశాడు. "మన పరికరం నడుస్తోందా? యంత్రం ముందు ఒక గాజు పలక పెట్టి అంకె చెప్పు. ఎందుకన్నది తర్వాత చెప్తాను."

ఈలోగా డైరెక్టరు గేటు బోర్డు ఆపించాలా అని మేడమ్ చెవిలో అడిగాడు. కాసేపటికి ఫోన్‌లోంచి వచ్చిన గొంతు అందరికీ వినబడింది.

"సార్, గాజు పెట్టినా పెద్దగా తగ్గట్లేదు. యంత్రం పాడైందంటారా?"

"యంత్రం బాగానే ఉంది. తీసెయ్" అని పెద్దాయన ఫోన్ పెట్టేసి పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు ఏమిటో నిదానానికి ఎవరూ చెప్పక్కర్లేదు, పొద్దున్నుంచీ తను మోస్తున్నదే. వెళ్లి ఒక గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆయన తాగాడు.

"ఎంతమంది ఆ అంకె వెనకాల పరిగెత్తారో" అన్నాడు. "మీతో సహా."

"అవునండీ."

"నువ్వు ఒక్క రాత్రిలో దొరికిపోయావు, అదృష్టవంతుడివి. నేను ఇన్నేళ్లు సన్మానాలు చేయించుకున్నాను. రెండో ముక్క పెట్టి చూస్తే గాని చెప్పలేను గాని, నాది ఇప్పుడు మీ తెర మీదున్నదాంట్లో సగం కూడా ఉండదు." ఆయన డైరెక్టరు వైపు తిరిగాడు. "లేజరు ఇక్కడే ఉండనివ్వండి. అడక్కుండా తప్పు ఒప్పుకునే ల్యాబ్‌లు నాకు ఎక్కువ కనబడలేదు. మాదీ అందులో లేదు. నేను వెళ్లి ఆ అంకె వెనక్కి తీసుకుంటున్నానని రాయాలి."

లెక్కల మాస్టారు పెదవులు కదుపుతూ మనసులో ఏదో లెక్క వేశాడు. ఇందాకటి మూడో వంతునీ ఇప్పటి సగాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, "అంటే, ఎటు చూసినా అల్లుడుగారిదే పెద్దదన్నమాట" అన్నాడు. ఈసారి మధ్యలో ఎవర్నీ పెట్టుకోలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిదానం పెద్దాయన ముఖం చూశాడు. పొద్దున్న ఏం చూడాలని ముచ్చటపడ్డాడో అదే ఎదురుగా ఉంది, చూడబుద్ధి కాలేదు. ఆ రికార్డు అతని చేతికి రావడం రావడమే సిగ్గుతో వచ్చింది. అతను వంగి ఎర్ర బిళ్లకేసి చూస్తూ లేని దుమ్ము తుడిచాడు. పెద్దాయన వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, మేడమ్‌తో కాస్త మొహమాటంగా, "ఆ నల్ల ముక్క ఇంకోటి ఉంటే ఇస్తారా?" అని అడిగాడు. మేడమ్ రెండిచ్చింది.

సాయంత్రం ఇంట్లో అందరూ అన్నీ చెప్పుకున్నారు. భార్య మొత్తం విని, "నేను పొద్దున్నే అన్నాను కదా, బాగానే వచ్చుంటుందని" అంది. అతను వాదించలేదు. మర్నాడు పొద్దున్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే జేబులో వేలు దూరలేదు. బీరువాలో చొక్కాలన్నిటికీ జేబుల మూతులు కుట్టేసి ఉన్నాయి. రెండు వరసల కుట్టు, మేడమ్ ఫోన్ చేసి చెప్పిందట.